పసిచేతుల రంగుల పని

ఏడాది నిండిన బిడ్డ ముందు పప్పన్నం గిన్నె పెట్టి అమ్మ అటు తిరిగితే, ఇటు తిరిగేలోపు సగం పప్పు బండ మీద ఉంటుంది. బిడ్డ దాన్ని అరచేత్తో అటూ ఇటూ రాస్తూ ఉంటుంది. చెయ్యి పోయిన మేరా పచ్చటి చార పడుతుంది. చెయ్యి ఆపితే చార ఆగుతుంది, కదిపితే సాగుతుంది. తాను కదిలితే తన వెనక ఒక గుర్తు మిగులుతుందన్న సంగతి పసిబుర్రకి ఎక్కే తొలి ఘడియల్లో ఇదొకటి. క్రెష్‌లలో, డే కేర్ సెంటర్లలో, అంగన్‌వాడీల్లో చిన్నపిల్లల చేత చేయించే రంగుల పని అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఏడాదికీ మూడేళ్ళకీ మధ్య వయసులో రంగులు వేయడమంటే ఏనుగునో, ఇంటినో, మామిడిపండునో కాగితం మీదికి దించడం కాదు. అది చేత్తో, భుజంతో, ఒక్కోసారి ఒళ్ళంతటితో చేసే పని. తడి ఎలా ఉంటుంది, గట్టిగా అదిమితే ఏమవుతుంది, ఎరుపు మీద పసుపు పడితే ఏమవుతుంది అని బిడ్డ తన చేతులతోనే అడిగి తెలుసుకుంటుంది. చివర్లో మిగిలే కాగితం ఆ పనికి ఆనవాలు మాత్రమే. ఈ ఒక్క విషయం పెద్దవాళ్ళ మనసుకి పడితే మిగతా ఏర్పాట్లన్నీ తేలిక. పట్టకపోతే ఎంత ఖరీదైన రంగులు తెచ్చినా పిల్లలకి దక్కేది తక్కువ.

చెయ్యి పైనుంచి కిందికి ఒక వరసలో అదుపులోకి వస్తుంది. ముందు భుజం, తరవాత మోచెయ్యి, ఆ తరవాత మణికట్టు, చివరికి వేళ్ళు. అందుకే ఏడాదిన్నర పిల్లవాడు క్రేయాన్‌ని గుప్పిట బిగించి పట్టుకుని, చేతినంతా ఊపుతూ గీస్తాడు. రెండు మూడేళ్ళ మధ్య అరచెయ్యి కాగితం వైపు తిరిగి, వేళ్ళు క్రేయాన్ కొన వైపు దిగుతాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పెన్సిల్ పట్టుకునే పట్టు మూడున్నర, నాలుగేళ్ళకి కనిపించి, ఐదారేళ్ళకి కుదురుకుంటుంది. ఎముకల సంగతి చూసినా ఇంతే. పెద్దవాళ్ళ మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. మొదటి ఏడాదిలో రెండు గట్టిపడడం మొదలవుతుంది. మిగతావి ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా ఆ దారి పడతాయి. చివరిది మొదలయ్యేసరికి తొమ్మిదేళ్ళో పదేళ్ళో, కొందరికి పన్నెండేళ్ళో వస్తాయి. ‘గీత దాటకుండా రంగు నింపు’ అని రెండేళ్ళ పిల్లకి చెప్పడమంటే ఇంకా తయారుకాని మణికట్టుని పని అడగడమే.

గీతలకీ ఒక క్రమం ఉంది. మొదట చుక్కలు, పొడుపులు, అడ్డదిడ్డంగా పోయే చారలు వస్తాయి. పెద్దవాళ్ళు గీసి చూపిస్తే రెండేళ్ళ ప్రాంతంలో నిలువు గీత, ఇంకొన్ని నెలలకి అడ్డగీత వస్తాయి. మూడేళ్ళకి సున్నా మూసుకుంటుంది. నాలుగేళ్ళకి ఒకదాన్నొకటి దాటే రెండు గీతలు గీయగలుగుతారు. అమెరికాలో రోడా కెల్లాగ్ అనే ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలో నర్సరీ బడి నడుపుతూ దశాబ్దాల పాటు పసిపిల్లల బొమ్మలు పోగుచేశారు. ఆ సేకరణ లక్షల్లోకి పెరిగింది. వాటన్నిటినీ పరిశీలించి, పిల్లల గీతల్లో 20 మూలరూపాలు ఉన్నాయని 1969లో వచ్చిన పుస్తకంలో వివరించారు. సున్నా లోపల అడ్డంగా నిలువుగా గీతలు దాటే రూపానికి ఆవిడ వాడిన పేరు మనకు తెలిసిన సంస్కృత పదమే, మండలం. అంతకు ముందే, 1947లో, విక్టర్ లోవెన్‌ఫెల్డ్ ‘క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్’ అనే పుస్తకంలో రెండు నుంచి నాలుగేళ్ళ వరకూ ఉన్న కాలాన్ని గీతల దశగా గుర్తించారు. ఆ దశ చివర్లో పిల్లలు ముందు గీసి, తరవాత పేరు పెడతారు. ‘బస్సు’ అని చెప్పిన గీతే నిమిషం గడిచాక ‘కుక్క’ అవుతుంది. అది అబద్ధమూ కాదు, మరపూ కాదు. గీతకీ మాటకీ ముడి వేయడం అప్పుడే నేర్చుకుంటున్నారు.

తెలుగులో వీటిని పిచ్చిగీతలు అంటారు. ముద్దుగా అన్నా సరే, ఆ మాట పిల్లలకి అన్యాయం చేస్తుంది. రేపు పలక మీద వచ్చే ‘అ’కి కావలసిన వంపులు, మలుపులు, విరామాలు అన్నీ ఈ గీతల్లోనే కూడుకుంటున్నాయి.

ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉన్న పిల్లలకి నేల మీద నీళ్ళు పోసుకునే వీలు, పిండి పులుముకునే వీలు ఏదో ఒక పూట దొరుకుతాయి. తల్లిదండ్రులిద్దరూ పనికి పోయే ఇళ్ళ పిల్లలకి రోజంతా గడిచేది సంరక్షణ కేంద్రంలోనే. 1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద నడిచే అంగన్‌వాడీలు ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఆటపాటల చదువు ప్రధానంగా మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి. అంతకన్నా చిన్నవాళ్ళు ఎక్కువగా ఇంటి దగ్గరే ఉంటారు. అలాంటి పసివాళ్ళని పగలంతా చూసుకునేవి క్రెష్‌లు. 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. కేంద్ర ప్రభుత్వం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీలకే క్రెష్‌లు జోడిస్తోంది. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ వరకూ పిల్లలతో ఏమేం చేయించవచ్చో చెప్పే ‘నవచేతన’ మార్గదర్శకాన్ని కూడా 2024లో విడుదల చేసింది. కాగితం మీద ఏర్పాట్లు ఉన్నాయి. వాటిని నేల మీదికి దించేది మాత్రం ఆ గదిలో ఉండే టీచరూ ఆయమ్మా.

చిన్నపిల్లల గదిలో రంగులు బయటికి తీయాలంటే టీచరుకీ ఆయమ్మకీ ముందుగా గుర్తొచ్చేది తరవాత తుడుచుకోవలసిన నేల. ఆ భయం నిజమైనదే. ఒక క్రెష్‌లో ఇరవై పాతిక మంది పిల్లలకి ఇద్దరు మనుషులుంటే, అందరికీ ఒకేసారి రంగు గిన్నెలు పంచిపెట్టడం జరిగే పని కాదు. జరగాల్సిన అవసరం కూడా లేదు. ఒక మూల పాత చీరో తార్పాలినో పరిచి, ఒక విడతకి ముగ్గురు నలుగురిని కూర్చోబెడితే చాలు. మిగతావాళ్ళని ఆయమ్మ పాటలతోనో గిన్నెలతోనో ఆడిస్తుంది. టీచరు రంగుల దగ్గరే కూర్చుంటుంది, మధ్యలో లేచిపోదు. ఈ వయసు పిల్లలు రంగుల దగ్గర రెండు నిమిషాలే ఉండవచ్చు, ఇరవై నిమిషాలైనా ఉండవచ్చు. లేచిపోయిన పిల్లని వెనక్కి పట్టుకొచ్చి కూర్చోబెట్టకూడదు. పొద్దున టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం అన్నానికి గంట ముందు మంచి సమయం. ఆకలితో ఉన్న పిల్ల రంగు తింటుంది. నిద్రకొచ్చిన పిల్ల రంగుని విసిరేస్తుంది. పెద్దవాళ్ళ పాత బనీను ఒకటి మెడలోంచి వేస్తే అదే ఏప్రన్. చెయ్యి కడిగే నీళ్ళ బకెట్టు, తువ్వాలు రంగు గిన్నె కన్నా ముందే పక్కన ఉండాలి. ఆ బకెట్టు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక పెద్దమనిషి ఉండాలి. బోర్లాపడితే పసిబిడ్డకి కొద్దిపాటి నీళ్ళే ప్రాణం మీదికి తెస్తాయి.

రంగుల పనికి అన్నిటికన్నా మంచి మొదలు రంగే లేని పని. ఒక మగ్గులో నీళ్ళు, ఒక వెడల్పాటి కుంచె, ముందొక కడప బండ ఉంటే చాలు. గోడలకి సున్నం వేసే కుంచెల్లో కొత్తది, చిన్నది చాలు. బూడిదరంగు బండ మీద తడి కుంచె పోగానే నల్లటి చార నిగనిగలాడుతూ లేస్తుంది. పిల్ల ఇంకో చార వేసి వెనక్కి చూసేసరికి మొదటిది అంచుల నుంచి సన్నబడుతూ ఉంటుంది. ఎండాకాలం పొద్దు అయితే నాలుగో చార వేసేలోపు మొదటిది పూర్తిగా మాయమవుతుంది. పిల్ల కాసేపు ఆ చోటునే చూసి, చేత్తో తడిమి, మళ్ళీ కుంచె ముంచుతుంది. ఇందులో ఖర్చు లేదు, మరక లేదు, పాడయ్యేది లేదు, తప్పొప్పులు అసలే లేవు. నీళ్ళు ఎటు పోయాయన్న ప్రశ్న మాటల్లో రాకపోయినా చూపులో పుడుతుంది. పెద్ద గోడ, సిమెంటు గట్టు, తలుపు చెక్క, గేటు ఏదైనా పనికొస్తుంది. నిలువు గోడ మీద వేసినప్పుడు చెయ్యి భుజం దాకా లేస్తుంది, మణికట్టు వెనక్కి వంగుతుంది. రాతకి కావలసిన వంపు అదే. కాగితం గోడకి అంటించి వేయించినా ఈ లాభం ఉంటుంది.

తరవాతది వేళ్ళతో రంగు పూయడం. దీన్ని బళ్ళలోకి తెచ్చిన మనిషి రూత్ ఫైసన్ షా. ఈ అమెరికన్ టీచరు 1920లలో రోమ్ నగరంలో చిన్న బడి నడిపారు. వేలు తెగిన ఒక పిల్లవాణ్ణి అయోడిన్ పూసుకోమని పంపితే, వాడు ఆ మందుని గోడకి పులుముతూ కనిపించాడట. ఇతరులకి కొట్టాల్సిన సందర్భంగా కనబడే చోట ఆవిడకి ఒక అవసరం కనిపించింది. పిల్లలకి హాని చేయని, జారుడుగా ఉండే రంగు తయారుచేయడానికి పూనుకున్నారు. వేళ్ళ రంగుల మీద ఆవిడ పుస్తకం 1934లో వచ్చింది.

ఈ రంగుకి కావలసిన మూలపదార్థం తెలుగు ఇళ్ళలో చీరలకి పెట్టే గంజే. ఒక గ్లాసు బియ్యప్పిండినో కార్న్‌ఫ్లోర్‌నో ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. మొత్తం నాలుగైదు గ్లాసుల నీళ్ళయ్యేలా చూసి, సన్నటి సెగ మీద కలియబెడుతూ చిక్కబడేదాకా ఉడికించాలి. దించి పూర్తిగా చల్లార్చాలి. పైన తెట్టు కట్టకుండా మధ్యమధ్యలో తిప్పాలి. పసుపు రంగుకి పసుపు, ఎరుపుకి బీట్‌రూట్ రసం, ఆకుపచ్చకి పాలకూర రుబ్బిన రసం, నీలానికి వేడినీళ్ళలో నానబెట్టిన శంఖుపూలు వాడవచ్చు. బీట్‌రూట్ రంగు వేడికి గోధుమరంగులోకి తిరుగుతుంది. పాలకూర ఎక్కువ ఉడికితే ముదురు మట్టిరంగులోకి పోతుంది. అందుకని రసాలు గంజి చల్లారాకే కలపాలి. ఈ రంగులు ఏ పూటకి ఆ పూట చేసుకోవాలి. మిగిలితే ఒక్కరోజు ఫ్రిజ్‌లో ఆగుతాయి, పులిసిన వాసన వస్తే పారబోయాలి. గోధుమ పడని పిల్లలుండవచ్చు కనుక మైదా కన్నా బియ్యప్పిండే మేలు.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. తిండి వస్తువుతో ఆటలేమిటి అని ఆయమ్మ అడిగితే ఆ ప్రశ్నలో ధర్మం ఉంది. పిల్లలకి పెట్టాల్సిన పోషకాహారపు పిండినో, గుడ్డునో, పాలనో ఆటకి వాడడం తప్పే. వార్చిన గంజి, కూర తరిగాక మిగిలిన బీట్‌రూట్ తొక్కు, ముదిరిపోయిన బెండకాయ, వాడిపోయిన ఆకుకూర వాడితే ఆ మాట రాదు. అన్నం వేరు, రంగు వేరు అని పిల్లలకి తెలియడానికి రంగు గిన్నెలు వేరుగా, అన్నం తినే చోటు వేరుగా ఉంచడం కూడా మంచిది.

పసుపు గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పసుపు మరక ఉన్న గుడ్డకి సబ్బు రాస్తే అది ఎర్రబడడం ప్రతి ఇంట్లోనూ చూసేదే. పసుపులో ఉన్న కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుస్తుంది. పారాణిలో పసుపూ సున్నం కలిసి ఎర్రబడేదీ ఇందువల్లే. పసుపునీళ్ళలో తడిపి ఆరబెట్టిన కాగితం మీద, తినే సోడా కలిపిన నీళ్ళలో ముంచిన దూదిని అద్దితే ఇటుకరంగు పువ్వులా విచ్చుకుంటుంది. దాని మీద నిమ్మరసం చుక్క పడితే మళ్ళీ పసుపు. రెండున్నర, మూడేళ్ళ పిల్లలు దీనికి పడిపోతారు. టీచరు గిన్నెలు కలిపి ఇచ్చి, అద్దే పని వాళ్ళకి వదలాలి. నిమ్మరసం మాత్రం తన చేతిలోనే ఉంచుకోవాలి, కళ్ళలో పడితే మండుతుంది. సున్నం అసలు వాడకూడదు. అది చర్మాన్నీ కళ్ళనీ కాలుస్తుంది. బజారులో విడిగా దొరికే పసుపుపొడిలో రంగు కోసం సీసం ఉన్న రసాయనాన్ని కలిపిన సందర్భాలు దక్షిణాసియాలో బయటపడ్డాయి కనుక, కొమ్ములు తెచ్చి ఆడించుకున్న పసుపే పిల్లలకి నయం. బట్టల మీద మిగిలే పసుపు మరక గురించి తల్లులు కంగారుపడక్కర్లేదు. ఉతికి రెండు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది.

రంగు ముట్టుకోవడమే ఇష్టం లేని పిల్లలు ప్రతి గుంపులోనూ ఒకరిద్దరు ఉంటారు. చేతికి జిగట అంటగానే ఏడుస్తారు, వేళ్ళు విడదీసి గాలిలో పట్టుకుని నిలబడతారు. వాళ్ళ చేతిని పట్టుకుని రంగులో ముంచడం కన్నా పెద్ద తప్పు లేదు. రెండు రంగుల చుక్కలు వేసి గట్టిగా మూసి, టేపు అంటించిన ప్లాస్టిక్ సంచీని నేలకి అంటిస్తే పైనుంచి నొక్కుతూ ఆడతారు. దాని దగ్గరా టీచరు ఉండి, ఆట అయ్యాక తీసేయాలి. చెంచా ఇస్తే ఇంకొందరు దాంతో మొదలుపెడతారు. కొందరు నెల రోజులు పక్కన కూర్చుని చూస్తారు. చూడడం కూడా పాల్గొనడమే. చేతుల్లో బిగువు తక్కువున్న పిల్లలకి కుంచె పిడికి గుడ్డ చుట్టి లావు చేయడం, చూపు తక్కువున్న పిల్లలకి రంగులో కాస్త సన్న బియ్యపు రవ్వ కలిపి గరుకు తెప్పించడం లాంటి చిన్న మార్పులు చాలు.

కుంచె కొట్టులో దొరికేదే కానక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళ కలం అంటే కొస మొనదేల్చి, పైన ఉన్నినో గుడ్డనో చుట్టి దారంతో కట్టిన వెదురుపుల్ల. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే రంగు కిందికి దిగుతుంది. అదే పద్ధతిలో మొన లేని లావుపాటి పొట్టి పుల్లకి పాత నూలుగుడ్డ ఉండ కట్టి ఇస్తే పసిగుప్పిటికి అమరుతుంది. పొడుగు పుల్లలు వద్దు. నోట్లో పెట్టుకుని పరుగెత్తితే ప్రమాదం. బీరపీచు ముక్క, కొబ్బరిపీచు, స్పాంజి, నలిపి ఉండచేసిన కాగితం ఒక్కొక్కటీ ఒక్కో రకం గుర్తు వదులుతుంది. బెండకాయని అడ్డంగా కోసి రంగులో అద్దితే పువ్వు పడుతుంది. అరటి దూటని కోసి అద్దితే లోపలి వలయాలు తేలతాయి. పిల్లలు అద్దిన ముద్రలు వరసలో రావు, ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక్కోసారి బెండకాయతోనే గీతలు గీస్తారు. అలాగే కానివ్వాలి. అంచులున్న పళ్ళెంలో కాగితం పరిచి, రంగులో ముంచిన పెద్ద బంతిని వేసి, ఇద్దరు పిల్లల చేత చెరోవైపూ పట్టించి ఊపిస్తే బంతి తిరిగిన దారంతా కాగితం మీద పడుతుంది. మాటలు సరిగా రాని ఇద్దరు కలిసి చేసే పనుల్లో ఇంత సంతోషం ఇచ్చేవి తక్కువ.

రంగులు ఒక విడతకి రెండు చాలు. పన్నెండు రంగుల డబ్బా అంతా ముందు పెడితే ఐదు నిమిషాల్లో అన్నీ కలిసి బురదరంగు అవుతుంది. రెండే ఉన్నప్పుడు అవి కలిసే చోట మూడోది పుట్టడం కళ్ళకి ఆనుతుంది. పసుపూ నీలం ఇస్తే ఆకుపచ్చ, ఎరుపూ పసుపూ ఇస్తే నారింజ. కాగితం ఎంత పెద్దదైతే అంత మంచిది. పాత క్యాలెండర్ల వెనక వైపు, అట్టపెట్టెలు విప్పిన అట్టలు చక్కగా సరిపోతాయి. అచ్చుసిరా ఉన్న న్యూస్‌పేపర్ కింద పరవడానికే తప్ప, తడిచేతులతో గంటలకొద్దీ రుద్దడానికి మంచిది కాదు.

ఏడాదిన్నర పిల్లలు ఏది ముట్టుకున్నా నోటికి పోతుంది. రంగు కొనేటప్పుడు దీన్నే కొలబద్దగా పెట్టుకోవాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఐఎస్ 9873 అనే ఆ ప్రమాణంలో వేళ్ళతో పూసే రంగులకి ఒక భాగం ప్రత్యేకంగా ఉంది. యూరప్ ప్రమాణమైతే పిల్లలు ఇష్టంగా మింగకుండా ఈ రంగుల్లో చేదు పదార్థం కలపాలంటుంది. గోడలకీ తలుపులకీ వేసే పెయింట్లు ఏ పరిస్థితిలోనూ పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఆ పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన పెయింటు పెచ్చులు లేచే గోడ క్రెష్‌లో ఉంటే, రంగుల పనికన్నా ముందు ఆ గోడని చూసుకోవాలి. మింగిన సీసాన్ని పెద్దవాళ్ళ ఒంటికన్నా పసిఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది.

హాని లేని రంగు అంటే వెలిసిన రంగు అనుకోనక్కర్లేదని అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక బొమ్మలు చూస్తే తెలుస్తుంది. అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ, చెట్ల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని పట్టించి చేసే ఆ బొమ్మల నిగనిగ రసాయన రంగులకేమీ తీసిపోదు. అక్కడ ప్రకృతి రంగుల్ని మళ్ళీ నిలబెట్టడానికి పాటుపడిన సి.వి. రాజుకి 2023లో పద్మశ్రీ వచ్చింది. క్రెష్ అలమరలో అలాంటి బొమ్మలు నాలుగుంటే, పిల్లలు రోజూ చూసే రంగుల్లోనే మన చోటు కూడా ఉంటుంది.

గొంతులో ఇరుక్కునే వస్తువుల సంగతి కూడా ఇక్కడే. మూడేళ్ళ లోపు పిల్లల వస్తువుల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా పట్టే వస్తువేదైనా ఆ వయసువాళ్ళకి ప్రమాదమే. స్కెచ్ పెన్ను మూతలు, విరిగిన క్రేయాన్ ముక్కలు, పూసలు, శనగగింజలు, చమ్కీలు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. క్రేయాన్లు లావుపాటివి ఇవ్వాలి, ముక్కలైనవి తీసేయాలి.

ఇక మాటలు. పిల్ల కాగితం మీద ఎర్రగా పులిమి తల ఎత్తగానే పెద్దవాళ్ళ నోటినుంచి వచ్చే ప్రశ్న ఒకటే, ‘ఏం బొమ్మరా ఇది?’ అని. ఏ బొమ్మా కాని దానికి రెండేళ్ళ పిల్ల ఏం చెబుతుంది? ‘అబ్బ, ఎంత బాగుందో’ అన్నది కూడా మంచి మాటే కానీ, రోజుకి పదిసార్లు అంటే అందులో బలం పోతుంది. కనిపించింది కనిపించినట్టు చెప్పడం మేలు. ‘ఈ ఎర్ర గీత చూడు నాన్నా, ఈ చివరిదాకా పోయింది’, ‘చప్‌చప్‌మని కొట్టావుగా, చుక్కలే చుక్కలు’, ‘ఇక్కడ గట్టిగా రుద్దావు, కాగితం మెత్తబడింది’ లాంటి మాటల్లో పొడుగు, గట్టి, మెత్తన, పైన, కింద అన్నీ పని జరుగుతుండగానే చెవిన పడతాయి. రంగుల పేర్లు చాలామందికి మూడేళ్ళ తరవాతగానీ నిలకడగా రావు. ‘ఇదేం రంగు? చెప్పు, చెప్పు’ అని పరీక్ష పెట్టడం వల్ల అవి తొందరగా రావు.

కొన్నిసార్లు మాట అవసరమే ఉండదు. తడిసి తడిసి కాగితం నడుమ చిరిగింది. పెద్దవాళ్ళు ‘అయ్యో’ అని దాన్ని లాక్కుని కొత్తది ఇవ్వబోతారు. కాసేపు ఆగితే, పిల్ల ఆ చిరుగులోంచి వేలు దూర్చి, కాగితం అడుగున బయటికొచ్చిన ఎర్రటి వేలికొసని చూసి నవ్వుతుంది. మళ్ళీ దూర్చుతుంది, మళ్ళీ నవ్వుతుంది. ఆ పూటకి ఆ పిల్ల పని అదే. కాగితం ‘బాగున్నప్పుడే’ తీసి దాచేసే టీచరు ఆ నవ్వుని చూడలేదు.

సాయంత్రం తల్లిదండ్రులు వచ్చేవేళకి ఏదో ఒక అందమైన బొమ్మ చేతిలో పెట్టాలన్న ఒత్తిడి కేంద్రాల మీద నిజంగానే ఉంది. ఆగస్టు 15 వచ్చిందంటే గోడల నిండా ఒకే కొలతలో మూడు రంగుల చేతిముద్రలు వెలుస్తాయి. చేతులు పిల్లలవే, పని టీచరుది. మణికట్టు పట్టుకుని, రంగులో అద్ది, కాగితం మీద నొక్కి, మళ్ళీ కడిగి పంపే ఆ అర నిమిషంలో పిల్లకి నేర్చుకోవడానికేమీ మిగలదు. అచ్చువేసిన చిలకలో రంగు నింపించడమూ ఇలాంటిదే. పండగకి గోడ అలంకరించాలంటే టీచర్లు తామే అలంకరించి, ఒక పక్క పిల్లలు వేసినవి వేసినట్టే పెట్టవచ్చు. వాటిని పెద్దవాళ్ళ కంటి ఎత్తులో కాక పిల్లల కంటి ఎత్తులో అంటించాలి. రెండేళ్ళ పిల్లలకి ఆ ఎత్తు పెద్దవాళ్ళ నడుము కన్నా కిందే.

‘రోజూ ఈ గీతలేనా అమ్మా?’ అని ఒక తల్లి అడిగితే, సమాధానంగా రెండు కాగితాలు చూపించగలగాలి. అందుకోసం ప్రతిదీ దాచక్కర్లేదు. పిల్లకి నెలకొకటి చొప్పున చాలు. మిగతావి ఇంటికి పంపించవచ్చు. ఉగాదికి వేసింది, దసరాకి వేసింది పక్కపక్కన పెడితే ఎవరైనా పోల్చుకోగలరు. మొదటి దాంట్లో గీతలు కాగితం దాటి బండ మీదికి పోయి ఉంటాయి. రెండో దాంట్లో అంచు దగ్గర వెనక్కి తిరిగి ఉంటాయి. మొదటి దాంట్లో ఊపే ఉంటుంది, రెండో దాంట్లో ఒక సున్నా మూసుకోబోయి కాస్తలో తప్పి ఉంటుంది.

పని అయ్యాక కడుక్కోవడం కూడా పిల్లలకి పనిలో భాగమే. తడిగుడ్డ ఇచ్చి బండ తుడవమంటే రంగుని ఇంకాస్త దూరం పులుముతారు, అయినా ఇవ్వాలి. కుంచెని మగ్గులో ఆడించి, నీళ్ళు ఎర్రబడడం చూసి, ఇంకోసారి ముంచుతారు. ఈలోగా ఆయమ్మ కాగితాలు దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తుంది. ఆరాక వాటి వెనక టీచరు పెన్సిల్‌తో రాయాల్సినవి నాలుగు: పేరు, తేదీ, వయసు నెలల్లో, వేసేటప్పుడు బిడ్డ ఏదైనా మాట అని ఉంటే ఆ మాట దిద్దకుండా అన్నది అన్నట్టే.